రాజధానిలో రైలుబాట: ఒక మహానిర్మాణ చరిత్ర

ఢిల్లీ నగరము నిర్మాతల నగరము. తోమరులు మొదలుకొని సుల్తానులు, మొగలులు, ఆంగ్లేయులు తమతమ కాలములయందు ఇచట కోటలు, మినారులు, సౌధములు నిలిపిపోయిరి. కుతుబ్ మినారును చూచువారు దాని యెత్తునకు ఆశ్చర్యపడుదురు. ఎఱ్ఱకోటను చూచువారు దాని గోడల విస్తృతిని మెచ్చుకొందురు. కాని ఇరువదవ శతాబ్ది చివర మొదలై నేటికిని పెరుగుచున్న మహానిర్మాణ మొకటి ఈ నగరమున నున్నది. దానిని ఒక్కచోట నిలిచి పూర్తిగా చూచుట ఎవ్వరికిని సాధ్యము కాదు. అందు కొంత భూమి క్రింద నున్నది, కొంత స్తంభములపై నున్నది. మిగిలినది విద్యుత్తు తీగలలోను, సంకేతములలోను, వేలకొలది మనుష్యుల నియమబద్ధమైన పనిలోను దాగియున్నది. అదియే ఢిల్లీ మెట్రో రైలుమార్గము.

ద్వారకనుండియో, రోహిణినుండియో, నోయిడానుండియో బయలుదేరి ఉదయము కార్యాలయమునకు వచ్చు ఉద్యోగి కేంద్ర సచివాలయ స్టేషనులో దిగి మెట్లెక్కునపుడు ఈ నిర్మాణమును గూర్చి ఆలోచింపడు. అట్లు ఆలోచింపవలసిన యవసరము లేకుండ నుండుటయే దాని గొప్పతనము. అయినను దాని వెనుక ముప్పదియేండ్లకు మించిన చరిత్ర కలదు. అందు జయములు కలవు, అపజయములు కలవు, ప్రాణనష్టము కూడ కలదు.

పెద్ద కట్టడము వేరు, పెద్ద వ్యవస్థ వేరు. కోటలో ఒక గోడ కూలినను తక్కిన బురుజులు నిలిచియుండును. వ్యవస్థలో నొక అంగము ఆగినచో తక్కిన అంగములన్నియు వ్యర్థమగును. ఈ భేదమును తెలుగువారికి క్రొత్తగా బోధింపనక్కరలేదు. ధవళేశ్వరమువద్ద సర్ ఆర్థర్ కాటన్ 1847 మొదలు 1852 వరకు కట్టించిన గోదావరి ఆనకట్టయే దానికి నిదర్శనము. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నదికి అడ్డముగా గోడ కట్టి ఊరకున్నచో ఆ సీమ సస్యశ్యామల మయ్యెడిది కాదు. తలతూములు, ప్రధాన కాలువలు, పిల్లకాలువలు, పడవలు దాటు లాకులు, మురుగు కాలువలు, ఏటేటి మరమ్మతులు, తూము తలుపును వేళకు ఎత్తి దించు లస్కరు, ఇన్నియు ఒకదానితో నొకటి పొసగిననాడే చివరి చేనికి నీరు చేరినది. ఇంజనీరు గొప్పతనము గోడలో ఎంత కలదో, ఆ పొసగించుటలో అంతకు మించి కలదు.

ఆ గోదావరి డెల్టా అంచున నున్న కాకినాడకును, రాజధానిలోని ఈ రైలుబాటకును ఒక సంబంధము కలదు. 1946లో విశాఖపట్టణమున ఇంజనీరింగు కళాశాల యొకటి స్థాపింపబడి, పిదప కాకినాడకు తరలింపబడెను. నేడది జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందినది. పాలక్కాడు ప్రాంతమున 1932లో జన్మించిన ఇ. శ్రీధరన్ అను మలయాళ యువకుడు ఆ కళాశాలలో సివిలు ఇంజనీరింగు చదివి పట్టము పొందెను. అప్పటికి ఆంధ్ర, మలబారు ప్రాంతములు రెండును మద్రాసు రాష్ట్రములోనివే. కోస్తా కాలువల నడుమ విద్య ముగించిన ఆ యువకుడు 1954లో రైల్వే కొలువున చేరెను. నాలుగు దశాబ్దముల పిదప ఢిల్లీ మెట్రో నిర్మాణభారము వహించినది ఆయనయే.

ఆ కథకు ముందు ఢిల్లీ స్థితిని కొంత చెప్పవలసియున్నది. 1951 జనాభా లెక్కలలో ఢిల్లీ జనసంఖ్య సుమారు 17 లక్షలు. 1991 నాటికి అది 94 లక్షలు. నగరము యమునకు ఆవలి ఒడ్డునకు, పడమటి పొలములకు, దక్షిణపు గుట్టలవరకు వ్యాపించెను. కార్యాలయములు మాత్రము చాలవరకు నడిమి ఢిల్లీలోనే ఉండిపోయెను. ఇండ్లు ఒకచోట, పనులు వేరొకచోట కావుటచే బస్సులపై భారము మితిమీరెను. ఫుట్‌బోర్డుపై వ్రేలాడుచు ప్రయాణించిన తరమువారికి ఆ దినములు ఇంకను జ్ఞాపకమున నుండును.

రైలుమార్గమను ఆలోచన క్రొత్తది కాదు. 1969-70లో కేంద్ర రహదారి పరిశోధన సంస్థ జరిపిన ప్రయాణ పరిశీలనలోనే అది మొదట రూపొందెను. 1984లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ, నగర కళా సంఘము కలిసి భూగర్భ మార్గములతో కూడిన ప్రణాళికను ప్రతిపాదించెను. కమిటీలు కూర్చుండినవి, నివేదికలు వ్రాయబడినవి, అంచనాలు మారినవి. నివేదికపై నివేదిక పేరుచుండగా పాతికేండ్లు గడచిపోయెను. ఈ జాప్యమునకు కారణము ఇంజనీరింగు జ్ఞానము లేకపోవుట కాదు. నగరములోని నేల ఒక శాఖది, రోడ్డు వేరొక శాఖది, నీటిగొట్టములు ఇంకొకరివి, రైళ్లు మరియొక మంత్రిత్వశాఖవి. ధనమెవ్వరిదో, తుదిమాట ఎవ్వరిదో తేలనంతవరకు ఏ నివేదికయు కాగితమును దాటి రాదు.

కలకత్తా అనుభవము కూడ కండ్లయెదుటనే ఉన్నది. అచట 1972 డిసెంబరులో శంకుస్థాపన జరిగెను. మొదటి 3.4 కిలోమీటర్ల మార్గము తెరచుటకు 1984 అక్టోబరు వరకు పట్టెను. దమ్‌దమ్ నుండి టాలీగంజ్ వరకు గల పదునారున్నర కిలోమీటర్లు పూర్తియగునప్పటికి 1995 వచ్చెను. వ్యయము పలు రెట్లు పెరిగెను. దేశమున మొట్టమొదటి భూగర్భ రైలును కట్టిన యశస్సు ఆ ఇంజనీరులకు దక్కవలసినదే. కాని ఏండ్ల తరబడి త్రవ్విన వీధులలో బ్రదికిన నగరవాసుల కష్టము చూచిన ఇతర నగరములు మెట్రో పేరు వినినంతనే జంకెను.

ఢిల్లీ మెట్రో చరిత్రలో మొదటి ముఖ్య ఘట్టము ఇంజనీరింగు విషయము కాదు, పాలనావిషయము. 1995 మే 3వ తేదీన ఢిల్లీ మెట్రో రైలు కార్పొరేషను నమోదయ్యెను. కేంద్ర ప్రభుత్వమునకు, ఢిల్లీ ప్రభుత్వమునకు అందు సమాన వాటాలు. అధ్యక్షపదవి కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ కార్యదర్శికి చెందును. మేనేజింగు డైరెక్టరును సూచించు అధికారము ఢిల్లీ ప్రభుత్వమునకు చెందును. ఇట్లు ఇరు ప్రభుత్వములు ఒక్క బల్లయొద్ద కూర్చుండు ఏర్పాటు జరిగెను. 1996 సెప్టెంబరులో మొదటి దశకు కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపెను. వ్యయములో సుమారు 60 వంతులు జపాను ప్రభుత్వ ఋణముగా తక్కువ వడ్డీకి లభించెను. కలకత్తాకొరకు 1978లో చేసిన మెట్రో నిర్మాణ చట్టమును ఢిల్లీకి వర్తింపజేసిరి. రైళ్లను నడుపుటకై 2002లో వేరొక చట్టము వచ్చెను. ఉద్యోగులకు ఇట్టి విషయములు నీరసముగా తోచవు. ఒక చట్టములోని ఒక సెక్షను లేకపోయినచో ఎన్ని యంత్రములు ఊరక నిలిచిపోవునో వారెరుగుదురు.

1997లో మేనేజింగు డైరెక్టరుగా శ్రీధరన్ నియమింపబడిరి. అప్పటికి ఆయన రైల్వే కొలువునుండి విరమించి ఏడేండ్లయినది. ఆయన పూర్వచరిత్రలో మూడు ఘట్టములు ఇచట చెప్పదగినవి. 1964 డిసెంబరు తుపానులో రామేశ్వరమునకు పోవు పాంబను వంతెన చాలభాగము కొట్టుకొనిపోయెను. దానిని బాగుచేయుటకు రైల్వేశాఖ ఆరు నెలలు గడువిచ్చెను. పై అధికారి దానిని మూడు నెలలకు కుదించెను. యువ ఇంజనీరైన శ్రీధరన్ సముద్రగర్భమున పడిన గర్డర్లను వెలికి తీయించి 46 దినములలో వంతెనను నిలిపిరి. 1970లో కలకత్తా మెట్రో ప్రణాళికా రచనలో ఆయన పనిచేసిరి. అచటి జాప్యములకు మూలములు ఆయన దగ్గరనుండి చూచినవే. 1990 మొదలు పడమటి కనుమల అంచున సుమారు 760 కిలోమీటర్ల కొంకణ రైలుమార్గము ఆయన నాయకత్వమున నిర్మింపబడి, 1998 జనవరిలో పూర్తిగా తెరువబడెను. రైల్వేశాఖలో భాగముగా కాక, ప్రత్యేక కార్పొరేషనుగా ఏర్పడి, స్వంతముగా ధనము సమకూర్చుకొని పనిచేయు పద్ధతి అచట పరీక్షింపబడెను. ఢిల్లీకి ఆయన తెచ్చినది ఆ పద్ధతినే.

1998 అక్టోబరు 1వ తేదీన పని ప్రారంభమయ్యెను. సిబ్బందిని కొద్దిగా ఉంచుట, నిర్ణయములను క్రిందిస్థాయిలోనే త్వరగా చేయుట, టెండర్లను నెలల తరబడి నాననీయకుండుట, కంట్రాక్టరుకు బిల్లు వేళకు చెల్లించి పనిని వేళకు కోరుట, ఇవి ఆ కార్యాలయపు నియమములు. పని జరుగుచోట్ల గోడలకు ఒక వింత గడియారము వ్రేలాడుచుండెడిది. అది ఎంత కాలము గడచెనో చెప్పదు. తెరచుటకు ఇంకను ఎన్ని దినములు మిగిలియున్నవో చెప్పును. ప్రతి ఉదయము ఆ సంఖ్య ఒకటి తగ్గుచుండును. మేస్త్రీ మొదలు డైరెక్టరు వరకు అందరి కండ్లయెదుట ఒకే సంఖ్య నిలిచినందున, తన పని ఆలస్యమైనచో ఎవ్వరి పని ఆగునో ప్రతివానికిని తెలియుచుండెను.

ఈ వ్యవస్థలోని అంగములు ఎట్లు పొసగవలెనో ఒక ఉదాహరణమువలన గ్రహింపవచ్చును. సొరంగమున రైలు ఆగి, పెట్టెలో పొగ పుట్టినదనుకొందము. పొగను ఒక ప్రక్కకు తోలి, ప్రయాణికులను రెండవ ప్రక్కకు నడిపింపవలెను. ఇందుకు పెద్ద పంకాలు ఏ దిక్కునకు తిరుగవలెనో తక్షణము నిర్ణయింపవలెను. రైలు ఖచ్చితముగా ఎచట నున్నదో సంకేతశాఖ చెప్పవలెను. పైతీగలోని 25 వేల వోల్టుల విద్యుత్తును విద్యుచ్ఛాఖ నిలుపవలెను. వెనుక వచ్చు రైలును నియంత్రణాధికారి ఆపవలెను. మెట్లదారి తలుపులను స్టేషను సిబ్బంది తెరవవలెను. ఇవన్నియు కొద్ది నిమిషములలో జరుగవలెను. పంకాలు చేసినవారొకరు, సంకేతములు అమర్చినవారు వేరొకరు, పెట్టెలు కొరియాలో కొన్ని, బెంగుళూరులో కొన్ని తయారైనవి, సొరంగము త్రవ్వినవారు ఇంకొకరు. విడివిడిగా అందరి పనియు నిర్దోషమైనను, కలిసినచోట లోపమున్నచో వ్యవస్థ విఫలమగును. అందుచేతనే క్రొత్త మార్గము పూర్తియైన పిదప కూడ వెంటనే జనమును ఎక్కింపక, ఖాళీ రైళ్లను నెలల తరబడి నడిపి పరీక్షింతురు. తుది అనుమతి నిచ్చు భద్రతాధికారి కూడ రైళ్లను నడుపువారి అధీనమున లేక, పౌర విమానయాన శాఖకు చెందియుండుట ఈ దేశమున చిరకాలముగా నున్న మంచి ఏర్పాటు.

పాతఢిల్లీ క్రింద త్రవ్వుట మొదటి దశలోకెల్ల క్లిష్టమైన పని. కాశ్మీరీ గేటు నుండి చావ్డీ బజారు మీదుగా న్యూఢిల్లీ స్టేషను వరకు పైన వందలయేండ్ల నాటి ఇండ్లు, ఇరుకైన గల్లీలు, ఎచట నున్నవో పటములలో లేని గొట్టములు. పైనుండి వీధిని తెరచుటకు వీలులేనిచోట సొరంగ యంత్రములను లోతుగా పంపిరి. గోడలకు కొలతబిళ్లలు అమర్చి, నేల ఏ కొంచెము క్రుంగినను తెలియునట్లు కనిపెట్టుచు యంత్రమును నడిపిరి. చావ్డీ బజారు స్టేషను ఈ నగరమునందలి మిక్కిలి లోతైన స్టేషనులలో నొకటి. దాని ఎస్కలేటరుపై దిగువారు తమ తలలపై కాగితపు వ్యాపారుల దుకాణములు ఎప్పటివలె నడచుచున్నవని ఊహించుట కష్టము.

2002 డిసెంబరు 24న షాదరా నుండి తీస్ హజారీ వరకు యమునను దాటు మొదటి మార్గమును ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. మరునాడు ప్రజలకు తెరచినపుడు అంచనాకు అందని జనసమూహము వచ్చిపడెను. పనిమీద పోవువారికంటె చూడవచ్చినవారే హెచ్చు. 2005 జులైలో విశ్వవిద్యాలయము మార్గము కేంద్ర సచివాలయమువరకు వచ్చెను. ఆ ఏటి డిసెంబరు 31న బారాఖంభా నుండి ద్వారక మార్గము తెరువబడెను. పదేండ్లు పట్టునని తలచిన 65 కిలోమీటర్ల మొదటి దశ ఏడేండ్ల మూడు నెలలలో పూర్తియయ్యెను. వ్యయము సుమారు 10,571 కోట్ల రూపాయలు. ప్రభుత్వ నిర్మాణము గడువునకు ముందే ముగియునని నమ్మనివారు నమ్మవలసి వచ్చెను.

అయినను ఈ చరిత్రలో జయములే చెప్పుట న్యాయము కాదు. మొదటి చిక్కు పట్టాల వెడల్పునకు సంబంధించినది. నగర రైళ్లకు ప్రపంచమున ఎక్కువచోట్ల వాడు 1,435 మిల్లీమీటర్ల ప్రామాణిక గేజి కావలెనని శ్రీధరన్ వాదించిరి. మలుపులు తిరుగుట సులభము, యంత్రసామగ్రి ఎల్లదేశములనుండి దొరకునని ఆయన హేతువు. దేశమంతట నున్న 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజియే ఉండవలెనని రైల్వేశాఖ పట్టుబట్టెను. మంత్రులస్థాయిలో రైల్వేశాఖ మాటయే నెగ్గెను. మొదటి దశ అంతయు బ్రాడ్ గేజిలోనే నిర్మింపబడెను. పిదప విధానము మారి, 2010 నుండి తెరచిన ఆకుపచ్చ, వయొలెట్, విమానాశ్రయ మార్గములు ప్రామాణిక గేజిలో వచ్చెను. ఫలితముగా ఒకే నగరమున రెండు గేజీలు ఏర్పడెను. ఒక మార్గములో పెట్టెలు తక్కువైనచో వేరొక గేజి మార్గములోని పెట్టెలను తెచ్చి నడుపుటకు వీలులేదు. బ్రాడ్ గేజి పెట్టె వెడల్పు 3.2 మీటర్లు, రెండవదాని వెడల్పు 2.9 మీటర్లు కావున ప్లాటుఫారములును భిన్నములు, డిపోలును వేరు. మీటరు గేజికి, బ్రాడ్ గేజికి కూడలియైన గుంతకల్లులో పూర్వము ఒక బండినుండి వేరొక బండికి సరకు మార్చుకొనిన కష్టము తెలిసినవారికి దీని భావము సులభముగా బోధపడును. ఇరుపక్షముల వాదమునందును కొంత సత్యము కలదు. కాని ఆరంభమున నెమ్మదిగా తేల్చుకొనవలసిన విషయము నడుమ మారినచో, ఆ మార్పు ఇనుపపట్టాలలో శాశ్వతముగా నిలిచిపోవును.

రెండవది ఇంతకంటె దుఃఖకరము. 2010 అక్టోబరులో ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు జరుగవలసియుండెను. ఆనాటికి 125 కిలోమీటర్ల రెండవ దశను సిద్ధము చేయవలెనని సంకల్పము. నగరమంతట ఒక్కసారి స్తంభములు లేచినవి. 2008 అక్టోబరు 19న లక్ష్మీనగరువద్ద గర్డర్లను మోయు ఉక్కుయంత్రము కూలి క్రింది రోడ్డుపై పోవు వాహనములపై పడెను. 2009 జులై 12వ తేదీ, ఆదివారము తెల్లవారుజామున జమ్రూద్‌పురువద్ద ఒక స్తంభపు శిరోభాగము విరిగి, దానిపై నెక్కించుచున్న వంతెన భాగము నేలగూలెను. ఆరుగురు మరణించిరి, పలువురు గాయపడిరి. మరునాడు శిథిలములను తొలగించుచుండగా క్రేనులు కూలి మరికొందరు గాయపడిరి.

ప్రమాదము జరిగిన దినముననే శ్రీధరన్ నైతిక బాధ్యత వహించి రాజీనామా సమర్పించిరి. ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ దానిని అంగీకరింపలేదు. పని నడుమ నాయకుడు లేకపోవుట మరింత ప్రమాదకరమని పలువురు చెప్పగా ఆయన దానిని ఉపసంహరించుకొనిరి. వయొలెట్ మార్గములో సచివాలయము నుండి సరితా విహారు వరకు గల భాగము 2010 అక్టోబరు 3న, క్రీడలు ప్రారంభమైన దినముననే, తెరువబడెను.

ఈ ఘటనపై రెండు విధములైన అభిప్రాయములు కలవు. ఒక వేయి పనులు ఒక్కసారి జరుగు మహానిర్మాణమున ప్రమాదము పూర్తిగా నివారింపరానిదని కొందరందురు. గడువు గడియారము వేగమునకు ప్రేరణ ఇచ్చినట్లే, తనిఖీకి పట్టు కాలమును కూడ తినివేయునని మరికొందరందురు. రెండవ మాటను త్రోసివేయుట తగదు. స్తంభపు శిరోభాగమును డిజైను చేసిన బల్లకును, దానిని కట్టిన కూలివానికిని నడుమ ఎందరో యున్నారు. డిజైను సరిచూచువారు, కాంక్రీటు పరీక్షించువారు, బరువు ఎక్కించుటకు అనుమతి వ్రాయువారు, వీరిలో నెవ్వరు ఒక్కక్షణము ఆగి చూడకున్నను ఆ బరువు చివరకు క్రింద నిలిచిన కూలివానిపైననే పడును. ఆనాడు మరణించినవారి పేర్లు ఏ ప్రారంభ శిలాఫలకముపైనను ఉండవు. ఆ మార్గమున పోవు ప్రతి రైలును ఆ స్తంభముల మీదుగానే పోవుచున్నది.

మూడవది విమానాశ్రయ మార్గము. న్యూఢిల్లీ స్టేషను నుండి విమానాశ్రయమునకు, అచటినుండి ద్వారకకు పోవు సుమారు 23 కిలోమీటర్ల మార్గమిది. ఇందు సొరంగములు, వంతెనలు మొదలగు సివిలు పనులను కార్పొరేషను కట్టవలెను. పట్టాలు, రైళ్లు, సంకేతములు అమర్చి నడుపు బాధ్యత ఒక ప్రైవేటు సంస్థకు అప్పగింపబడెను. 2011 ఫిబ్రవరిలో మార్గము తెరువబడెను. 2012 జులైలో వంతెనల బేరింగులయందు లోపములు కనబడి రైళ్లు ఆగిపోయెను. లోపము ఎవ్వరిది అను ప్రశ్న ఇంజనీరుల చేతినుండి న్యాయవాదుల చేతికి పోయెను. మరమ్మతుల పిదప 2013 జనవరిలో రైళ్లు గంటకు 50 కిలోమీటర్ల తగ్గించిన వేగముతో మరల నడచెను. ఆ ఏటి జులై 1 నుండి కార్పొరేషనే నడుపసాగెను. వివాదము మాత్రము ముగియలేదు. 2017లో మధ్యవర్తుల తీర్పు ప్రైవేటు సంస్థకు అనుకూలముగా వచ్చెను. దానిని 2021లో సుప్రీంకోర్టు సమర్థించెను. 2024 ఏప్రిలులో అదే న్యాయస్థానము తన పూర్వనిర్ణయమును మార్చి కార్పొరేషను పక్షమున తీర్పిచ్చెను. బేరింగులను బాగుచేయుటకు నెలలు పట్టెను, బాధ్యతను తేల్చుటకు పండ్రెండేండ్లు పట్టెను. మొదటి మార్గములయందు అన్ని బాధ్యతలను ఒక్క సంస్థయే మోసెను. ఇచట బాధ్యతను ఎచట చీల్చిరో అచటనే చిక్కు పుట్టినది.

ఈ విషయమునకు హైదరాబాదుతోడను సంబంధము కలదు. హైదరాబాదు మెట్రోకు సమగ్ర ప్రణాళికను తయారుచేసినది ఢిల్లీ కార్పొరేషనే. నిర్మాణమును ప్రైవేటు భాగస్వామికి ఇచ్చుటకు ప్రభుత్వము నిశ్చయించెను. 2008లో ఎంపికైన సంస్థల కూటమి ప్రభుత్వమునుండి సహాయమడుగుటకు బదులు తానే వేలకోట్లు చెల్లించెదనని ముందుకు వచ్చెను. భూముల వ్యాపారముపై ఆధారపడిన ఆ లెక్కను ప్రశ్నించుచు శ్రీధరన్ ప్రణాళికా సంఘమునకు లేఖ వ్రాసిరి. అప్పటికి ఆ లేఖ వివాదాస్పదమయ్యెను. మరుసటి యేడు ఆ ఒప్పందము రద్దయ్యెను. 2010లో మరల టెండర్లు పిలిచి లార్సెన్ అండ్ టూబ్రో సంస్థను ఎన్నుకొనిరి. 2017 నవంబరు 28న మియాపూరు నుండి నాగోలు వరకు 30 కిలోమీటర్ల మార్గము తెరువబడెను. 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్ల మొదటి దశ నడకకు వచ్చెను. కాకినాడలో చదివిన ఇంజనీరు తెలుగుదేశపు రాజధానిని గూర్చి వ్రాసిన ఆ లేఖ, లెక్కలు పొసగకున్నచో కాంక్రీటు కూడ పొసగదని తెలిపిన హెచ్చరికగా మిగిలినది.

2011 డిసెంబరు 31న శ్రీధరన్ పదవీవిరమణ చేసిరి. అప్పటికి ఆయన వయస్సు 79. నాయకుడు పోయిన పిదప వ్యవస్థ నిలుచునా అను ప్రశ్న అప్పుడు చాలమంది వేసిరి. దానికి కాలమే సమాధానమిచ్చెను. మూడవ దశలో మరి 160 కిలోమీటర్లు చేరినవి. వలయముగా తిరుగు గులాబీరంగు మార్గము వచ్చినది. 2020 డిసెంబరు 28న జనకపురి పడమటి స్టేషను నుండి బొటానికల్ గార్డెన్ వరకు డ్రైవరు లేని రైలు నడిచెను. బ్రేకు వేసినపుడు పుట్టు విద్యుత్తును మరల తీగలోనికి పంపు పద్ధతికి ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగమువారి గుర్తింపు లభించెను. తమ నగరములలో మెట్రో కట్టదలచినవారు మొదట ఢిల్లీకి వచ్చి నేర్చుకొనిపోవుట ఆచారమయ్యెను. ఒక్క మనుష్యుని దక్షతగా మొదలైనది ఒక సంస్థ యొక్క అలవాటుగా మారినపుడే వ్యవస్థ నిలిచినదని చెప్పవచ్చును.

ఈ చరిత్రనంతయు కలిపి చూచినచో ఒక విషయము స్పష్టమగును. మహానిర్మాణములు విడిభాగములయందు తరచుగా విఫలము కావు, అవి కలియు చోటులయందు విఫలమగును. రెండు శాఖల నడుమ, రెండు ఒప్పందముల నడుమ, డిజైనునకు పనికి నడుమ, తొలి నిర్ణయమునకు తుది వాడుకకు నడుమ ఉండు సంధులే నిజమైన పరీక్షాస్థలములు. పాతికేండ్లు నివేదికలలో నిలిచిన మార్గము, ఆ సంధులను చూచుటకు ఒక సంస్థ ఏర్పడినంతనే ఏడేండ్లలో లేచినది. సంధిని ఎవ్వరును చూడనిచోట గేజీలు రెండైనవి, బేరింగులు చెడినవి, జమ్రూద్‌పురున ప్రాణములు పోయినవి.

రాజధానిలోని కార్యాలయములయందు పనిచేయు తెలుగు ఉద్యోగులలో చాలమంది చేతిలో గడ్డపార యుండదు, కాగితముండును. ఒక బల్లనుండి వేరొక బల్లకు కదలు ఆ కాగితము కూడ ఒక సంధియే. అది వేళకు, సరిగా, బాధ్యతతో సంతకమై కదలినచో ఎచటనో ఒక కాలువ పారును, ఒక రైలు కదలును. సాయంకాలము కార్యాలయము ముగిసి సచివాలయ స్టేషనులో మెట్లు దిగి ఇంటికి పోవు రైలునకై నిలుచునపుడు, తలుపులు తెరచుకొనుటకు వెనుక ఇట్టి సంతకములు ఎన్ని కలవో తలచుకొనుట మేలు.